ఇరవై ఒక్క రోజుల్లో తేనె మర

మార్చి 3, ఆదివారం. ఉదయం 9.40

కొత్త డైరీ. కొత్త కలం. కొత్త నేను!

ఇవాళ పొద్దున్న అందరూ బల్ల దగ్గర ఉండగా ఒక ప్రకటన చేశాను. పెరటి కొట్టులో పన్నెండేళ్ళుగా గోనెసంచుల కింద పడి ఉన్న మామయ్యగారి తేనె మరను ఇరవై ఒక్క రోజుల్లో బాగు చేస్తాను. అంటే 24వ తేదీకల్లా. పైపై మెరుగులు కాదు. భయం లేకుండా పిల్లల నోట్లో పెట్టగలిగే తేనె అందులోంచి రావాలి.

సంగతేమిటంటే, మామయ్యగారు పోయాక అత్తయ్య తేనెటీగల జోలికి వెళ్ళలేదు. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ మరను మాత్రం వెంట తెచ్చుకుంది. పోయినేడాది ఏమనిపించిందో, మూడు తేనెపెట్టెలు తెప్పించి పెరట్లో పెట్టింది. ఇప్పుడు మూడూ నిండుతున్నాయి. పన్నెండేళ్ళ తర్వాత ఆవిడ చేతికి రాబోతున్న మొదటి తేనె. పట్టును చేత్తో పిండితే నాశనమవుతుంది, పాపం ఈగలు మళ్ళీ మొదటినుంచీ కట్టుకోవాలి. మరలో పెట్టి గిరగిరా తిప్పితే తేనె మాత్రం బయటికి చిమ్ముతుంది, పట్టు చెక్కుచెదరదు.

మా ఆవిడ "కొత్తది తెచ్చుకుందాం" అంది. నాకు నవ్వొచ్చింది.

"బంగారంలాంటి మర ఇంట్లో పెట్టుకుని కొత్తదెందుకు? ఫ్యాక్టరీలో యంత్రాల రక్షణ చూసేది ఎవరనుకుంటున్నావు?"

"యంత్రాల కాగితాలు చూసేది మీరు. యంత్రాలు చూసేది ఎవరో నాకు తెలీదు."

బడిలో పంతులమ్మ. ఇంట్లోనూ మార్కులు వేస్తుంది.

అత్తయ్య "మీకెందుకు బాబూ శ్రమ" అంది. కానీ ఆవిడ మొహం చూశాను. తర్వాత మెల్లగా "ఆయన చేతి మర. ఒక్కసారి అందులో తేనె తిరగడం చూడాలని ఉంది" అంది. చూపిస్తాను అత్తయ్యా. మాటంటే మాటే.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో అందరం ఎందుకమ్మ అంటాం. "ఇరవై ఒకటే ఎందుకు నాన్నా? ఇరవై ఎందుకు కాదు?" అని అడిగింది. జవాబు ఆలోచిస్తున్నట్టు గంభీరంగా కొట్టు వైపు నడిచాను.

10.30. కొట్టు తలుపు తీశాను.

10.32. మూసేశాను. సాలెపురుగులు. పెద్దవి!

11.00. మా ఆవిడ చీపురుతో లోపలికెళ్ళి మరను బయటికి లాక్కొచ్చింది. నేను పర్యవేక్షించాను.

పెద్ద రేకు పీపా. లోపల నాలుగు పట్టు చట్రాలు పట్టే తీగల పంజరం. పైన రెండు పళ్ళ చక్రాలు, ఒక చేతి పిడి. అడుగున కొళాయి. అంతా మసిబారి, బూడిద రంగులో, అక్కడక్కడా తుప్పుతో ఉంది. ఇంతేనా? ఇరవై ఒక్క రోజులు ఎక్కువ చెప్పానేమో.

మార్చి 4, సోమవారం. మధ్యాహ్నం 3.15, ఆఫీసు

పని పద్ధతిగా మొదలుపెట్టాను. పద్ధతి అంటే పత్రం.

ఫ్యాక్టరీలో నా ఉద్యోగం రక్షణ పత్రాలు నింపడం. ఒక్కో యంత్రానికి నలభై గడులు. కొత్తవాళ్ళకు గంట పడుతుంది. నాకు నాలుగు నిమిషాలు చాలు, కుర్చీలోంచి లేవక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఊరికే పోతుందా!

తేనె మరకూ ఒక పత్రం టైపు చేశాను.

1. తుప్పు తొలగించుట
2. లోపలి పూత పరిశీలించుట
3. అతుకుల టంకములో సీసము లేదని నిర్ధారించుట
4. పళ్ళ చక్రములు శుభ్రపరచుట
5. చక్రములకు మూత అమర్చుట (వ్రేళ్ళు పడకుండుటకు)
6. కొళాయి మార్చుట
7. కాళ్ళు బిగించుట
8. వేడినీటితో కడుగుట

ఎంత అందంగా ఉందో! ఎనిమిది గడుల్లోనూ టిక్కులు పెట్టేశాను. మా విభాగంలో అదే పద్ధతి. ముందు టిక్కు, తర్వాత పని. ఎలాగూ చేసేవే కదా, గడి ఖాళీగా కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. కింద సంతకం. దాని పక్కన ఆఫీసు రబ్బరు ముద్ర: "తనిఖీ అయినది".

సాయంత్రం 6.30. పత్రం ఫ్రిజ్ తలుపుకు అంటించాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. "ఆఫీసు ముద్ర కూడానా!" అంది. ఆ గొంతులో గౌరవం ఉంది. చాలాకాలం తర్వాత ఈ ఇంట్లో నాకు దొరికిన గౌరవం.

మార్చి 6, బుధవారం. సాయంత్రం 7.00

తుప్పు గీకడం మొదలు. గరుకు కాగితంతో ఏకధాటిగా గంటసేపు శ్రమించాను. మోచెయ్యి పీకుతోంది.

(పక్కన ఎర్ర సిరాతో ఎవరో "ఏడు నిమిషాలు" అని దిద్దారు. ఎవరో వేరే చెప్పక్కర్లేదు.)

మార్చి 7, గురువారం. ఉదయం 9.50, ఆఫీసు

ఇకపై డైరీ ఇంట్లో ఉండదు. ఆఫీసు సంచిలో ఉంటుంది. సంచికి తాళం ఉంది.

పనికి ఇవాళ విరామం. మోచెయ్యి.

మార్చి 8, శుక్రవారం

విరామం. మోచెయ్యి (రెండోది. మొదటిదానికి తోడుగా).

మార్చి 10, ఆదివారం. మధ్యాహ్నం 1.20

అద్భుతం! మహాద్భుతం!

పక్కింటి ప్లంబరు దగ్గర డ్రిల్లు మిషను అరువు తెచ్చాను. దానికి గుండ్రటి ఇనుప బ్రష్షు తగిలించాను. బుర్ర ఉన్నవాడు చేతులు నొప్పెట్టుకోడు. తల పీపాలో పెట్టి మూడు గంటలు తిప్పాను. ఆ బూడిద రంగు జిడ్డంతా పొడి పొడిగా రాలిపోయింది. అంచులు, అడుగు, అతుకులు, ఏదీ వదల్లేదు. లోపల తళతళ! మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

అందర్నీ పిలిచి చూపించాను. మా ఆవిడ ఒక్క వంక కూడా పెట్టలేదు. ఇది రికార్డు.

అత్తయ్య మాత్రం లోపలికి వంగి చాలాసేపు చూసింది. "ఆయన దీన్నెప్పుడూ గీకేవారు కాదు బాబూ. మెత్తటి గుడ్డతో తుడిచేవారంతే."

"అందుకే అత్తయ్యా, ఇన్నేళ్ళ జిడ్డు పేరుకుపోయింది."

"జిడ్డంటారా?"

"జిడ్డే."

ఎంత ధీమాగా చెప్పానో! "పోన్లెండి, మీకు తెలిసినట్టు నాకేం తెలుస్తుంది" అని లోపలికెళ్ళి సీసాలు కడగడం మొదలుపెట్టింది. ఇంకా రెండు వారాలుంది. అప్పుడే సీసాలు.

మార్చి 12, మంగళవారం. ఉదయం 7.05

నిన్న నీళ్ళతో కడిగాను. ఇవాళ లోపలంతా నారింజ రంగు.

తుప్పు! ఒక్క రాత్రిలో!

కారణాలు:
గాలిలో తేమ.
నీళ్ళలో ఏదో ఉంది.
మా ఆవిడ పీపా తుడవలేదు.

(మూడోది ఆవిడతో అనలేదు. అనకూడదని నిర్ణయించుకున్నాను.)

మళ్ళీ బ్రష్షు పెట్టి తిప్పాను. పైన పలుచగా తేనెమైనం కరిగించి రుద్దాను. తళతళ తిరిగొచ్చింది. అయినా మనసులో ఏదో గుచ్చుకుంటోంది. అనుభవజ్ఞుడైన రేకుల మేస్త్రికి ఒకసారి చూపిస్తే తప్పేముంది? మెచ్చుకోవడానికైనా ఒకడుండాలి.

మార్చి 14, గురువారం. సాయంత్రం 5.40, రేకుల మేస్త్రి కొట్టు బయట మెట్ల మీద

అరగంట సెలవు పెట్టి పీపాను ఆటోలో తెచ్చాను. మేస్త్రి తల లోపల పెట్టాడు. తీయలేదు. చాలాసేపు తీయలేదు.

"సార్, ఈ పని ఎవరు చేశారు?"

ఆ అడగడంలోనే ఏదో తేడా కొట్టింది. "ఎవరో కుర్రాడు" అన్నాను. నాకు నలభై ఆరు.

"వాణ్ణి మళ్ళీ పిలవకండి. ఇక్కడ ఉన్నదంతా గీకి పారేశాడు."

"జిడ్డు కదండీ?"

"జిడ్డేంటి సార్! కళాయి పూత. తగరం. పాతబడితే అలా బూడిద రంగుకు తిరుగుతుంది. తేనెకీ ఈ రేకుకీ మధ్యన అడ్డం ఉన్నది అదొక్కటే."

అంతటితో అయిపోలేదు. అతను మేకు తీసి అతుకు మీద గీశాడు. మెత్తగా గీత పడింది. గోటితో నొక్కి చూపించాడు.

"చూశారా? సీసం కలిపిన టంకం. అప్పట్లో అందరూ అదే వాడేవారు. పైన పూత ఉంటే కప్పి ఉండేది. ఇప్పుడు బార్లా తెరిచేశాడు మీ కుర్రాడు. తేనెలో పులుపుంటుంది సార్, లోహాన్ని లాగేసుకుంటుంది. సీసం పిల్లల ఒంట్లోకి పోతే మంచిది కాదు."

"ఇప్పుడెలా?"

"అతుకులన్నీ విప్పాలి, పాత టంకం మొత్తం తీసెయ్యాలి, సీసం లేనిది వెయ్యాలి, ఆ పైన మళ్ళీ కళాయి. నేను రేపే మా అమ్మాయి కాన్పుకి వెళ్తున్నాను. ఒకటో తారీకు దాటాక వస్తాను. ఇక్కడ పడేసి వెళ్ళండి. ఈలోగా ఇందులో తేనె చుక్క పోయకండి."

పడేసి వెళ్ళాలి. సబబైన మాటే. కానీ ఖాళీ చేతులతో ఇంటికెళితే మర ఏదని అడుగుతారు. అప్పుడు ఆ "ఎవరో కుర్రాడు" ఎవరో చెప్పాలి.

ఆటో పిలిచాను. పీపా నాతోనే వస్తోంది.

మార్చి 15, శుక్రవారం. ఉదయం 10.10, ఆఫీసు

నిర్ణయం: ఇవాళ సాయంత్రం అత్తయ్యకు చెప్పేస్తాను. పత్రం కూడా తీసేస్తాను.

సాయంత్రం 7.30. చెప్పలేదు. ఆవిడకు తలనొప్పి. తలనొప్పితో ఉన్న మనిషికి సీసం గురించి చెప్పడం మానవత్వం కాదు.

మార్చి 16, శనివారం

చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య, ఎందుకమ్మ కలిసి సీసాలకు కాగితపు చీటీలు కోస్తున్నారు. ఒక్కో చీటీ మీద తేనెటీగ బొమ్మ. ఎందుకమ్మ వేసిన ఈగకు పదకొండు కాళ్ళున్నాయి.

"ఎందుకు నాన్నా అలా చూస్తున్నావు?"

"బాగున్నాయి తల్లీ."

వచ్చేశాను. చీటీలు మొత్తం ఇరవై నాలుగు.

మార్చి 17, ఆదివారం

చెప్పకపోవడానికి కారణాలు (న్యాయంగా, రెండు వైపులా ఆలోచించి):
మేస్త్రి పొరబడి ఉండొచ్చు. కళ్ళజోడు లేకుండా చూశాడు.
మామయ్యగారు అదే మరతో ఏళ్ళ తరబడి తేనె తీశారు, ఎవరికీ ఏమీ కాలేదు. (అప్పుడు పూత ఉంది. గీకింది నేను. ఈ కారణం కొట్టివేత.)
పైన మైనం రుద్దాను కదా. (ఆ మైనం గోరు పెడితే లేచి వస్తోంది. కొట్టివేత.)
ఇంకా వారం ఉంది.

నాలుగోది నిలబడింది. దాన్ని పట్టుకుని వేలాడుతున్నాను.

మార్చి 19, మంగళవారం. సాయంత్రం 6.50

తెలివైన ఉపాయం! మర సంగతి ఎత్తక్కర్లేదు, తేనె తీయడమే వాయిదా వేయిస్తే సరి. అత్తయ్య దగ్గర కూర్చుని చాలా మామూలుగా అన్నాను:

"తేనె ఇంకా పచ్చిగా ఉందేమో అత్తయ్యా. తేమ ఆరాలి. ఏప్రిల్ చివర్లో చూద్దామా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ప్రతి గదికీ మైనంతో మూతలేసేశాయి బాబూ. పండితేనే మూతేస్తాయి. ఇంకా ఆగితే లోపల చోటు చాలక సగం ఈగలు లేచిపోతాయి."

ముప్పై ఏళ్ళు తేనెటీగలు పెంచిన మనిషికి తేమ పాఠం చెప్పబోయాను. పూర్తిగా పప్పులో కాలేశాను. మా ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తలెత్తకుండా నవ్వింది.

రేపు చెప్పేస్తాను. ఖాయం.

మార్చి 20, బుధవారం

ఆఫీసులో ఆలస్యమైంది. (నేనే చేసుకున్నాను.) రేపు.

మార్చి 21, గురువారం. సాయంత్రం 6.15

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

పొద్దున్న 11.20కి ఆఫీసులో ఉండగా మా ఆవిడ నా ఫోనుకు ఫొటో పంపింది. ఇవాళ బడికి సెలవు, తల్లీకూతుళ్ళిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఫొటోలో మా పెరడు. మధ్యలో తళతళలాడే పీపా. అత్తయ్య పిడి పట్టుకుని తిప్పుతోంది. కొళాయిలోంచి తేనె ధార. దాని కింద చెయ్యి పెట్టి, వేలు నోట్లో పెట్టుకుని ఎందుకమ్మ.

కింద మా ఆవిడ రాసిన మాట: "ఒప్పుకుంటున్నాను. ఈసారి పదికి పది."

శని, ఆదివారాలు వాన పడుతుందని రేడియోలో చెప్పారట. వానలో పెట్టెలు తెరవకూడదు. అందుకని అత్తయ్య ఇవాళే ముహూర్తం పెట్టేసుకుంది. ఫ్రిజ్ మీది పత్రం ఇంకోసారి చదివింది. ఎనిమిది టిక్కులు, సంతకం, ముద్ర. అల్లుడు అన్నీ చూశాడు. ఇక ఎవర్ని అడగాలి?

ఫోను చేశాను. "ఆపండి! ఆపండి! పాపను తిననివ్వకు!" అని అరిచాను. ఆఫీసంతా లేచి నిలబడింది. మా ఆవిడ "ఏమైంది? ఈగ పడిందా?" అంటోంది. "సీసం" అన్నాను. "ఏ సీసా?" అంది. పెద్ద గొంతుతో మళ్ళీ చెప్పాను. అవతల మర తిరుగుతున్న చప్పుడు ఆగింది.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. వచ్చేసరికి పిడి ఆగిపోయి ఉంది. బకెట్లో పధ్నాలుగు కిలోల తేనె. ఎండలో అంత అందమైన రంగు నేను ఎప్పుడూ చూడలేదు. ఎందుకమ్మ నోరు పుక్కిలించి పుక్కిలించి ఏడుస్తోంది. మెట్టు మీద ఒక చిన్న గిన్నెలో విడిగా కాస్త తేనె తీసి మూత పెట్టి ఉంది.

"అది అమ్మ వాటా," అంది మా ఆవిడ. "తను ఇంకా నోట పెట్టలేదు. మర బాగుచేసిన మనిషి వచ్చాక ఇద్దరూ కలిసి రుచి చూస్తారట."

అప్పుడు చెప్పాను. కళాయి గీకింది, మేస్త్రి చూసింది, ఎవరో కుర్రాడన్నది, ఏడు రోజులుగా నోరు మెదపనిది, అన్నీ. మా ఆవిడ మధ్యలో మూడుసార్లు నోరు తెరిచింది. అత్తయ్య చేత్తో వారించింది.

అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ కాగితం మీద మూడోది ఉంది కదా, సీసం లేదని. ఆ టిక్కు పెట్టేటప్పుడు మీరు అతుకు చూశారా?"

"లేదు అత్తయ్యా."

"ఏదైనా చూశారా?"

"అప్పటికి మరను కొట్టులోంచి తీసి ఒక్క రోజే అయింది."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 22, శుక్రవారం. ఉదయం 11.00, పిల్లల డాక్టరు దగ్గర

"ఎంత తిన్నది?"

"నాలుగైదు వేళ్ళు," అంది ఎందుకమ్మ.

"ఒక్కసారి, అంత కొద్దిగా అయితే కంగారు పడక్కర్లేదు. అయినా రక్తం చూద్దాం. సోమవారం చెబుతాను."

సూది గుచ్చుతుంటే పాప నా వైపు చెయ్యి చాచలేదు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎందుకు" అని కూడా అడగలేదు. ఆ పిల్ల ప్రశ్న అడగకుండా కూర్చోవడం ఈ ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. నాకు భయంగా ఉంది. హాస్యానికి రాయడం లేదు, నిజంగా భయంగా ఉంది.

మార్చి 23, శనివారం. ఉదయం 8.00

రేడియో చెప్పినట్టే వాన.

తేనెను పారేయాలి. ఊరికే పోస్తే ఈగలు తాగుతాయి, మళ్ళీ పట్టులోకే తెస్తాయి. గొయ్యి తీసి లోతుగా పూడ్చాలి. నేను గునపం తీసుకునేసరికి అత్తయ్య గొడుగు లేకుండా పెరట్లో ఉంది, పార పట్టుకుని.

"నేను తవ్వుతాను అత్తయ్యా."

పార ఇచ్చింది. నడుం లోతు తవ్వాను. నిజంగా నడుం లోతు, ఎర్ర సిరా పెట్టి దిద్దుకోవచ్చు. బకెట్ వంచింది ఆవిడే. తేనె నీళ్ళలా ఒక్కసారిగా పడదు, నింపాదిగా జారుతుంది. చివరి చుక్కదాకా అలా పట్టుకునే ఉంది. తర్వాత తన చిన్న గిన్నె కూడా తెచ్చి బోర్లించింది.

ఇంట్లోకి వచ్చాక ఎందుకమ్మతో "మీ నాన్నను తల తుడుచుకోమను" అంది. ఇప్పుడు నాతో మాటలన్నీ పాప ద్వారానే.

మార్చి 25, సోమవారం. సాయంత్రం 5.20

రక్తపరీక్ష మామూలుగా ఉంది. ఏమీ లేదు. ఏమీ లేదు!

డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కనున్నాయన నీళ్ళ సీసా ఇచ్చి "ధైర్యంగా ఉండాలండీ" అన్నాడు. "మంచి వార్తేనండీ" అన్నాను. సీసా వెనక్కి తీసుకుని కాస్త దూరం జరిగాడు.

మార్చి 26, మంగళవారం. మధ్యాహ్నం 2.00, ఆఫీసు

బల్ల మీద కొత్త పత్రం. నలభై గడులు. కలం తీశాను. మొదటి గడి మీద పెట్టాను. రాయలేకపోయాను. కుర్చీలోంచి లేచి యంత్రాల దగ్గరికి వెళ్ళాను.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటి సార్, దారి తప్పారా? క్యాంటీను అటు."

మూడు గంటలు పట్టింది. రెండు యంత్రాలకు వేళ్ళు పడకుండా ఉండే మూతలే లేవు. పద్దెనిమిదేళ్ళుగా నా టిక్కుల ప్రకారం ఉన్నాయి. ఖాళీ గడులతో పత్రం పైకి పంపాను. వెంటనే వెనక్కొచ్చింది: "ఆలస్యమునకు కారణము వ్రాయుడు." మూతల గురించి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేదాకా రోజూ పంపుతాను.

మార్చి 31, ఆదివారం. ఉదయం 10.45

మూడో పెట్టెలో ఒక్క పట్టు మిగిలింది. ఆ రోజు ఫోను వచ్చేసరికి దాన్ని ఇంకా తీయలేదట. అత్తయ్య దాన్ని స్టీలు గిన్నెలో చేత్తో పిండి గుడ్డలో వడకట్టింది. ఈగలు కట్టుకున్న పట్టంతా ముద్దైంది. ఇది జరగకూడదనే కదా ఇంత హంగామా చేశాను. రెండు సీసాలు నిండాయి. చీటీలు ఇరవై రెండు మిగిలాయి.

ఎందుకమ్మ చెంచా పట్టుకుని నిలబడింది. "తినొచ్చా?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. పాప నా వైపు చూడటం లేదు. వాళ్ళ అమ్మమ్మను అడుగుతోంది.

"తిను తల్లీ. ఇది నేను చూశాను," అంది అత్తయ్య.

"నేను చూశాను" అన్న ఆ రెండు మాటలూ, చూడకుండా టిక్కులు పెట్టిన నాకే తగిలాయి. పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 2, మంగళవారం. సాయంత్రం 7.10

మొదటి రోజు. (మళ్ళీ.)

మేస్త్రి వచ్చాడు. మనవరాలు పుట్టిందట. పీపా తీసుకెళ్ళి ముందుగా ఒక మాట చెప్పాను.

"ఆ కుర్రాడు నేనే."

"తెలుసు సార్. ఆ రోజే మీ గోళ్ళల్లో తగరం పొడి ఉంది."

ఎంత పడుతుందని అడిగాను. ఊళ్ళోవాళ్ళ పని చాలా పేరుకుపోయిందట, రెండు నెలలన్నాడు. ఇరవై ఒక్క రోజులు అనే మాట ఇక చచ్చినా నా నోటినుంచి రాదు. రెండు నెలలు! (నేను దగ్గరుండి చూస్తే నెలన్నరలో అయిపోవచ్చు. ఉత్సాహం ఉన్న మనిషి పక్కనుంటే మేస్త్రికీ ఊపొస్తుంది. ఖాయం!)

రోజూ ఆఫీసయ్యాక గంటసేపు అతని కొట్టులో కూర్చోవాలని తీర్మానం. ప్రతి అతుకూ విప్పుతుంటే చూడాలి. ఇవాళ కూర్చున్నాను. అతను ఎవరివో నీళ్ళ బిందెలకు మాట్లు వేశాడు. మా పీపా మూలన బోర్లా పడి ఉంది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే వంటింట్లోంచి గొంతు వినిపించింది. పాపను పిలుస్తోందనుకున్నాను. పాప పక్కింట్లో ఉంది.

"మర ఎంతవరకు వచ్చింది బాబూ?"

పన్నెండు రోజుల తర్వాత నాతో నేరుగా మాట్లాడింది. నా నోట్లో జవాబు తయారుగా ఉంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు: "దాదాపు సగం అయింది అత్తయ్యా." నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. దాన్ని మింగేశాను.

"ఏమీ కాలేదు అత్తయ్యా. ఇవాళ ముట్టుకోలేదు."

ఆవిడ పొయ్యి మంట తగ్గించి గుమ్మంలోకి వచ్చింది.

"సరే," అంది. "రేపటిది రేపు చెప్పండి. మీరు చెబితే వింటాను."